బరువు గురించి మా తమ్ముడితోనే మాట్లాడండి: డాక్టర్లకు ఒక అక్క బహిరంగ లేఖ

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు వైద్యం చేసే డాక్టర్లకు, నర్సులకు, డైటీషియన్లకు నమస్కారం.

మా తమ్ముడికి 29 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు, అంటే ఒంట్లోని కణాల్లో ఒక క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది. అమ్మానాన్నలకు వయసు మీద పడటంతో వాణ్ని ఆసుపత్రికి తీసుకొచ్చే పని ఇప్పుడు నాది. బయట బెంచీ మీద వాడి పక్కన కూర్చునేది నేనే. లోపలికి పిలిచాక మీరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేదీ నేనే. వాడు అక్కడే ఉంటాడు, వాడి గురించే మాట్లాడుకుంటాం, కానీ వాడితో ఎవరూ మాట్లాడరు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మూడేళ్ల కిందట నేను ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లాను. అప్పుడు వాడి బరువు 54 కిలోలు. ఎత్తు 148 సెంటీమీటర్లు. ఏడాదిన్నర తర్వాత నేను తిరిగొచ్చేసరికి 71 కిలోలు అయ్యాడు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె బీఎంఐ, 25 లోపు ఉండేది కాస్తా 32 దాటింది. చెప్పుల బెల్టు పెట్టుకోవడానికి వంగితే ఆయాసం. ఒక కాలికి పెట్టుకుని, కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, ఊపిరి కుదుటపడ్డాక రెండో కాలికి పెట్టుకునేవాడు. అది చూసి భయమేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆ డాక్టర్ గారు వాణ్ని బరువు మిషన్ ఎక్కించారు, అంకె చూశారు, నా వైపు తిరిగారు. "బాగా తినేస్తున్నట్టున్నాడు. వీళ్లకి ఇది మామూలేనమ్మా. మీరే కంట్రోల్ చేయాలి" అన్నారు. అంతే. రక్తపరీక్ష రాయలేదు. నిద్ర ఎలా పడుతోందని అడగలేదు. రోజంతా ఏం చేస్తాడని అడగలేదు. బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు.

వాడికి అన్నీ వినిపిస్తాయండీ. ప్రతి మాటా అర్థం కాకపోవచ్చు, అన్న తీరు మాత్రం అర్థమవుతుంది.

"మీరే కంట్రోల్ చేయాలి" అన్న ఆ ఒక్క మాట మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. మేం మీ గది దాటాక జరిగేది మీకు తెలిసే వీలు లేదు కదా.

ఇంటికొచ్చి బిస్కెట్ల డబ్బాను పై అరలోకి ఎక్కించాను. ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింకులు తీసేశాను. వాడి ప్లేటులో నేనే వడ్డించి, రెండోసారి అడిగితే వద్దనేదాన్ని. అమ్మ మనసు ఆగక ఇంకాస్త పెడితే అమ్మ మీద అరిచేదాన్ని. రోజూ పొద్దున్నే వాణ్ని మిషన్ ఎక్కించేదాన్ని. వాడు అంకె చూసేవాడు కాదు, నా మొహం చూసేవాడు. ఏడు నెలలు అలాగే గడిచాయి. బరువు తగ్గలేదు సరికదా, ఇంకో కిలో పెరిగింది.

ఒకరోజు ఉతుకుదామని వాడి దిండు కవరు తీస్తే లోపల నుంచి బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు రాలాయి. ఒక్కో కాగితం అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి ఉంది. వాడి పద్ధతి అది, ఏ కాగితం చేతికొచ్చినా అలాగే మడతపెడతాడు. మొత్తం పన్నెండు. వాటిని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. చిన్నప్పుడు చేతిలో ఏదున్నా సగం విరిచి ముందు నాకు పెట్టి, తర్వాత తను తినేవాడు. అలాంటివాడు ఇప్పుడు నేను గదిలోకి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాడు. నా దగ్గర దాచడం వాడు నేర్చుకున్నాడంటే, నేర్పింది నేనే.

ఇది చిన్న విషయం అనుకోకండి. అమెరికా లెక్కల్లో చూస్తే 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు సగటున 25 ఏళ్లు బతికేవారు. ఇప్పుడది 60 ఏళ్ల దాకా వచ్చింది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులకు ఆపరేషన్లు చేసి, ఇన్‌ఫెక్షన్లకు సమయానికి మందులిచ్చి ఆ మార్పు తెచ్చింది మీరే. అందుకు మాలాంటి కుటుంబాలు మీకు ఎంతో రుణపడి ఉన్నాయి. అయితే ఆ పెరిగిన ఏళ్లలో అమ్మానాన్నలు చివరిదాకా తోడుండలేరు. వాళ్ల తర్వాత ఉండేది తోబుట్టువులమే. రేపు వాడికి కడుపులో నొప్పి వచ్చినా, భయమేసినా, ఎవరైనా వాడితో తప్పుగా ప్రవర్తించినా వచ్చి చెప్పుకోవాల్సింది నా దగ్గరే. బిస్కెట్ దాచిపెట్టడం అలవాటైన మనిషి నొప్పిని కూడా దాచిపెడతాడు. మా మధ్య ఆ నమ్మకం పోతే 17 కిలోలు తగ్గినా నాకు ఒరిగేదేమీ లేదు.

ఆ కాగితాలు దొరికిన వారమే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ చేసిన మొదటి పని కుర్చీ జరపడం. నన్ను పక్కకు కూర్చోబెట్టి, వాణ్ని తన ఎదురుగా కూర్చోబెట్టారు. "మీ పేరేంటండీ?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు, నన్ను అడుగుతున్నారేమో అని. ఆవిడ ఏమీ అనకుండా వాడి వైపే చూస్తూ ఊరుకున్నారు. అప్పుడు చెప్పాడు. వాడి మాట కొంచెం ముద్దగా ఉంటుంది, ఒక్కసారికి అర్థం కాదు. ఆవిడ ఇంకోసారి చెప్పించుకున్నారు కానీ నన్ను అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్లాక వాడు అమ్మతో చెప్పిన మొదటి మాట, "డాక్టర్ గారు నన్ను మీరు అన్నారు."

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నల్లో తిండి గురించి ఒక్కటీ లేదు. చర్మం పొడిబారుతోందా, మలబద్ధకం ఉందా, అందరికంటే ఎక్కువ చలి వేస్తోందా, మునుపటికంటే నెమ్మదించాడా? అన్నిటికీ అవుననే చెప్పాను. కానీ అవన్నీ వాడి తీరే అనుకుంటూ వచ్చాం. థైరాయిడ్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారని అడిగితే కాగితాలు వెతికి చూశాను. నాలుగేళ్లు దాటింది. రక్తం తీయించారు. టీఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదన్నమాట.

ఇక్కడ మీకు తెలిసిన విషయాన్నే మళ్లీ గుర్తు చేస్తున్నాను, ఏమీ అనుకోకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ మందగించడం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. పిల్లల్లో ఏడాదికోసారి ఈ పరీక్ష చేయాలని పిల్లల డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాళ్ల కోసం నిపుణులు తయారుచేసిన మార్గదర్శకాలు 2020లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. 21 ఏళ్ల నుంచి ఒకటి రెండేళ్లకోసారి థైరాయిడ్ చూడాలని, ఊబకాయం కూడా ఉంటే 21 నుంచే రెండు మూడేళ్లకోసారి షుగర్ చూడాలని అందులో ఉంది. థైరాయిడ్ తగ్గితే మనిషి మందకొడిగా అవుతాడు, మాట నెమ్మదిస్తుంది, ఒళ్లు బరువెక్కుతుంది. ఇవే లక్షణాలు నాలో కనిపిస్తే మీరు ఆ రోజే రక్తపరీక్ష రాస్తారు. వాడిలో కనిపిస్తే "వీళ్లకి ఇది మామూలే" అనిపిస్తుంది. ఆ మామూలు వెనకే జబ్బు దాక్కుంది. నాలుగేళ్లు.

థైరాయిడ్ మాత్రతో బరువు మొత్తం మంచులా కరిగిపోయిందని చెప్పను. మొదటి మూడు నెలల్లో తగ్గింది రెండు కిలోలే. కానీ పొద్దున్నే తనంతట తను లేవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు వాణ్ని నడవమని చెప్పడమంటే పెట్రోలు లేని బండిని తొయ్యడమే.

నిద్ర సంగతి నేనే చెప్పి ఉండాల్సింది, నాకు అది జబ్బని తెలియక చెప్పలేదు. మా తమ్ముడు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ముందుకు వంగి, తలను కాళ్ల మీద పెట్టుకుని నిద్రపోతాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో అందరం ముద్దుగా చూసేవాళ్లం, ఫోటోలు కూడా తీశాం. డాక్టర్ గారు ఆ ఫోటో చూపించమని అడిగి, గొంతు దగ్గర ఊపిరి అడ్డుపడేవాళ్లు గాలి ఆడటానికి అలా పడుకుంటారని చెప్పారు. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రంతా ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మెదడుకు విశ్రాంతి ఎక్కడిది? నిద్ర చాలని మనిషికి ఆకలి ఎక్కువవుతుంది, పగలు కదలబుద్ధి కాదు, బరువు పెరుగుతుంది. పెరిగిన బరువు గొంతు దగ్గర దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. ముఖం మధ్యభాగం చిన్నగా, కండరాలు వదులుగా, నోట్లో నాలుకకు చోటు తక్కువగా ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్‌లో ఇది చాలామందికి ఉంటుంది. పిల్లలకు గురక ఉన్నా లేకపోయినా నాలుగేళ్లు నిండేలోపే నిద్ర పరీక్ష చేయించమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మా వాడికి 28వ ఏట జరిగింది.

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ ఇస్తే వాడు పెట్టుకోడని చాలామంది అన్నారు. మొదటి రాత్రి నిజంగానే పీకేశాడు. నర్సు ఒకావిడ మంచి ఉపాయం చెప్పారు. మొదటి వారం పగలు టీవీ చూసేటప్పుడు మాస్కు ఊరికే చేత్తో పట్టుకోవాలి. రెండో వారం ముక్కు మీద పెట్టుకోవాలి, మిషన్ ఆన్ చేయకూడదు. మూడో వారం మిషన్ ఆన్ చేసి పది నిమిషాలు. ఐదో వారానికి రాత్రంతా పెట్టుకున్నాడు. ఇప్పుడు మాస్కు కడిగి ఆరబెట్టేది వాడే, నన్ను ముట్టుకోనివ్వడు. ఆ నర్సు మాతో మాట్లాడింది మహా అయితే పావుగంట. ఆ పావుగంట ఎంత పని చేసిందో ఆవిడకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

వాడు అందరిలాగే తిన్నా వాడికి అది ఎక్కువే అవుతుందన్న సంగతి కూడా మాకు ఎవరూ చెప్పలేదు. ఎత్తు తక్కువ, కండరాల బిగువు తక్కువ. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే కేలరీలు డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో తక్కువని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరవేసే లెప్టిన్ అనే హార్మోన్ వాళ్లలో ఎక్కువగా ఉన్నట్టు కూడా పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది. కబురు వెళ్తున్నా దాన్ని ఒళ్లు సరిగ్గా అందుకోవడం లేదేమోనని పరిశోధకుల అనుమానం. నా ప్లేటూ వాడి ప్లేటూ ఒకేలా ఉండేవి, నేను అలాగే ఉన్నాను, వాడు పెరిగాడు. దాంతో ఇంట్లో అందరూ వాణ్ని తిండిపోతు అన్నారు. నేనూ అన్నాను. ఈ నాలుగు ముక్కలు మీరు మొదటి రోజే చెప్పి ఉంటే ఆ మాట మా నోట వచ్చేది కాదు.

"రోజూ వాకింగ్ చేయించండి" అని కూడా అందరూ అంటారు. వాడు పది నిమిషాలు నడిచి రోడ్డు పక్కన కూర్చుండిపోయేవాడు. మొండికేస్తున్నాడు అనుకున్నాను. పాదాలు చూసింది కూడా ఈ డాక్టర్ గారే. కీళ్లు వదులుగా ఉండటం వల్ల పాదం కింద వంపు పూర్తిగా చదునైపోయి, నడిస్తే మడమ లోపలికి వాలిపోతోంది. నొప్పి. వాడు నొప్పి అని చెప్పడు, కూర్చుంటాడు. అది వాడి భాష. బూట్ల లోపల ఆసరా మెత్తలు వేయించాక అరగంట నడుస్తున్నాడు. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఎంత కష్టపడినా గుండె వేగం మిగతావాళ్లంత పైకి పోదట. 220 లోంచి వయసు తీసేసి ఆ లెక్కన వ్యాయామం చేయించే పద్ధతి వాళ్లకు సరిపోదు. మధ్యలో రెండు మాటలు మాట్లాడగలుగుతున్నాడా లేదా చూసుకోమన్నారు. మెడలో పైన ఉండే రెండు పూసల మధ్య పట్టు కొందరిలో వదులుగా ఉంటుంది కాబట్టి పిల్లిమొగ్గల్లాంటివి వద్దన్నారు. నడక మారినా, చేతుల్లో పట్టు తగ్గినా, మెడ నొప్పి వచ్చినా, బట్టల్లో మూత్రం పోవడం కొత్తగా మొదలైనా వెంటనే రమ్మన్నారు. జిమ్ముకో వాకింగ్‌కో పంపే ముందు ఈ నాలుగూ ప్రతి కుటుంబానికీ చెప్పండి.

నిజానికి మా వాడికి నడకకంటే డాన్సు ఇష్టం. రోజూ సాయంత్రం తలుపు వేసుకుని ఐదు పాటలకు డాన్సు చేస్తాడు. అవే ఐదు పాటలు, అదే వరుస.

అన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించిన విషయానికి వస్తాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆ డాక్టర్ గారు తెల్ల కాగితం మీద పెద్ద గుండ్రం గీశారు. అదొక ప్లేటు. సగానికి గీత కొట్టి ఆ సగంలో కూరగాయలు, మిగతా సగంలో రెండు భాగాలు. పెన్ను వాడి చేతికిచ్చి రంగులు వేసుకోమన్నారు. తర్వాత, "వీటిలో మీరు ఏది మానగలరు?" అని ఒక పట్టిక చూపించారు. వాడు చాలాసేపు చూశాడు. గదిలో గడియారం చప్పుడు వినిపించేంతసేపు. నేను నోరు తెరవబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. చివరికి వాడు వేలు పెట్టి చూపించాడు, "రెండో కూల్‌డ్రింకు." మొదటిది కాదు, రెండోది. నేనైతే రెండూ మానమనేదాన్ని. ఆవిడ మాత్రం "సరే, ఒప్పందం" అని వాడితో సంతకం పెట్టించుకున్నారు. వాడు తన పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది వాడే. ఆ రోజు నుంచి రెండో కూల్‌డ్రింకు ముట్టలేదు. నాలుగు నెలల తర్వాత మొదటిది కూడా తనే మానేశాడు. పుట్టినరోజు పార్టీల్లో ఎవరైనా బలవంతం చేస్తే, "డాక్టర్ గారికి సంతకం పెట్టాను" అంటాడు. నేను కాపలా కాసిన ఏడు నెలల్లో జరగనిది ఒక్క సంతకంతో జరిగింది. అందులో వింతేం లేదు. అది నా రూలు కాదు, వాడిది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామందికి విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. ఒక పద్ధతి అలవాటైతే దాన్ని అంత తేలిగ్గా వదలరు. ఆ పట్టుదలనే మేం మొండితనం అంటాం. దాన్ని సరైన వైపు తిప్పితే అంతకంటే బలమైన సాయం ఇంకోటి లేదు.

ఆ అలవాటు ఎదురు తిరిగిన కథ కూడా చెప్పాలి. వాడు సాయంత్రం ఆరింటికి బిస్కెట్ డబ్బా తీసేవాడు, కచ్చితంగా ఆరింటికే. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అమ్మ చెప్పింది. అంతకు ముందు నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చే టైము అది. వాడు వాకిట్లో నిలబడేవాడు, ఇద్దరం కూర్చుని టీ తాగేవాళ్లం. నేను ఊరు వెళ్లిపోయాక ఆ కుర్చీలో వాడొక్కడే కూర్చుని డబ్బా ముందు పెట్టుకునేవాడట. అప్పటికి స్కూలు అయిపోయి చాలా ఏళ్లయింది, వెళ్లడానికి చోటు లేదు, స్నేహితులు లేరు. రోజులో వాడు ఎదురుచూసేది ఆ ఒక్క గంటే. దాన్ని తీసుకుని నేను వెళ్లిపోయాను. ఆ 17 కిలోల్లో థైరాయిడ్ ఎంతో, నిద్ర ఎంతో, ఆ ఖాళీ కుర్చీ ఎంతో ఎవరు తూచగలరు? ఇప్పుడు ఆరింటికి అదే కుర్చీలో ఇద్దరం కూర్చుంటాం, పండు కోసుకుని తింటాం. కోసేది వాడు. డబ్బాను ఊరికే లాక్కోలేదు, దాని చోటులోకి ఇంకోటి వచ్చింది. కాబట్టి "ఏం తింటాడు?" అని అడిగే ముందు "రోజంతా ఎవరితో గడుపుతాడు?" అని ఒక్కసారి అడగండి.

మీ మాట మాకు అవసరమయ్యే చోటు ఇంకోటుంది. వాడికి చిన్నప్పటి నుంచి తీపే బహుమతి. మాట పలికితే చాక్లెట్, ఇంజెక్షన్‌కి ఏడవకపోతే చాక్లెట్, బొమ్మ సర్దితే బిస్కెట్. థెరపీలో అదే, స్కూల్లో అదే. చుట్టాలు వస్తే, "పాపం, వాడికున్న సుఖం అదొక్కటే కదా, తిననివ్వండి" అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ అందులో వాడి జీవితం ఎంత చిన్నదిగా కనిపిస్తుందో వాళ్లు గమనించరు. వాడికి పాటలున్నాయి, డాన్సుంది, మడతలు పెట్టే కాగితాలున్నాయి, మేమున్నాం. నేను చెబితే "అక్క కఠినురాలు" అంటారు. మీరు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే ఎవరూ ఎదురు చెప్పరు. ఈ వ్యక్తికి తిండిని బహుమతిగా ఇవ్వవద్దు అని ఒక్క వాక్యం చాలు. అమ్మమ్మకు, ట్యూషన్ టీచర్‌కు, డే సెంటర్ వాళ్లకు అందరికీ అదే కాగితం చూపించగలం. మీ దగ్గర కూడా, ఇంజెక్షన్ అయ్యాక చేతిలో పెట్టే చాక్లెట్ బదులు ఒక స్టిక్కర్ పెట్టండి. మా వాడు ఇప్పటికీ స్టిక్కర్లు దాచుకుంటాడు.

కోపం తగ్గడానికో, ఫిట్స్‌కో రాసే మందుల వల్ల కూడా కొందరు బరువు పెరుగుతారని మీకు తెలుసు. రిస్పెరిడోన్, ఓలాంజపిన్, వాల్‌ప్రోయేట్ లాంటివి మొదలుపెట్టేటప్పుడే ఆ మాట కుటుంబానికి చెప్పి, ఆ రోజు బరువు రాసిపెట్టండి. అలాగే ఏ ప్రయత్నం లేకుండా బరువు దానంతటదే తగ్గిపోతే మెచ్చుకోకండి. గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, నలభై దాటినవాళ్లలో అల్జీమర్స్ మొదలవుతున్న గుర్తు కావచ్చు.

మీకు టైము లేదని నాకు తెలుసు. బయట బెంచీ మీద కూర్చునేది మేమే కాబట్టి ఎంతమంది ఉంటారో కళ్లారా చూస్తాం. ఒక్కో మనిషికి అరగంట ఇవ్వమని అడగడం లేదు. కానీ "వీళ్లకి ఇది మామూలే" అనడానికీ, "థైరాయిడ్ చూసి ఎంతకాలమైంది?" అని అడగడానికీ పట్టే సమయం ఒక్కటే. నా వైపు తిరగడానికీ, వాడి వైపు తిరగడానికీ కూడా అంతే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 25వ అధికరణంలో, వాళ్లకు అందరితో సమానమైన వైద్యం అందాలని, అదీ వాళ్లకు తెలియజెప్పి, వాళ్ల ఇష్టంతో జరగాలని రాసి ఉంది. వాడి ఒంటి గురించి వాడికి చెప్పకుండా నాకు చెబితే అందులో వాడి ఇష్టం ఎక్కడుంటుంది? నాకు చెప్పొద్దని కాదు. ముందు వాడికి చెప్పండి, చిన్న మాటల్లో చెప్పండి, బొమ్మ గీయండి, జవాబు వచ్చేదాకా కాసేపు ఆగండి. ఆ తర్వాత నాకు చెప్పండి, వాడి ముందే.

దయచేసి నన్ను కాపలా పెట్టకండి. వంట మార్చమంటే మారుస్తాను, ఇంట్లో ఏది కొనాలో ఏది కొనకూడదో అందరికీ ఒకటే పెట్టమంటే పెడతాను. ఇప్పుడు మా ఇంట్లో ఆ ఒక్కడికే వేరే ప్లేటు లేదు, అందరం ఆ గుండ్రం బొమ్మ ప్రకారమే తింటున్నాం. నాన్నకి షుగర్ కూడా అదుపులోకి వచ్చింది. కానీ వాడి చేతిలోంచి లాక్కునే పని మాత్రం నాకు అప్పగించకండి. ఆ పని నేను ఏడు నెలలు చేశాను.

ఇప్పుడు వాడి బరువు 64 కిలోలు. పదకొండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు. 54కి మళ్లీ వస్తాడో రాడో నాకు తెలియదు, డాక్టర్ గారు కూడా ఆ అంకె గురించి తొందర పెట్టడం లేదు. గోడకు ఆనుకోకుండా రెండు చెప్పులూ పెట్టుకుంటున్నాడు. నేను గదిలోకి వెళ్తే చేతులు వెనక్కి పోవడం లేదు. మొన్న పండు కోస్తూ మొదటి ముక్క నా నోట్లో పెట్టాడు.

వచ్చే నెల గుండె పరీక్షకు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వాళ్లు మమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. వాడు ఇప్పటి నుంచే తయారవుతున్నాడు. రోజూ డాన్సు అయ్యాక, కూల్‌డ్రింకు లేని రోజుకు ఒక కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు, అది తీసుకెళ్లి చూపిస్తాడట. మేం మీ గదిలోకి వచ్చినప్పుడు వాడి చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం ఉంటుంది. అది నాకివ్వడు, మీకే ఇస్తాడు. మడత విప్పి చూడండి.

ఇట్లు,
ఒక అక్క